తడి ఆరకుండా

కవిటి నుంచి వచ్చిన సీసా మీద
ఒక పేరు, ఒక తేదీ, నీలం సిరా:
తామాడ దాలయ్య, నలభై మూడు.
లోపల ఆవగింజంత
అతని మూత్రపిండం.

నాది శ్రీకాకుళంలో ఓ మేడమీది గది.
కరెంటుంటే ఏసీ నడుస్తుంది.
బల్ల మీద వజ్రం చాకు.
అవును, వజ్రమే.
నా ఒంటి మీద లేనిది నా బల్ల మీదుంది.

ముందు ఆస్మియం.
కొవ్వున్న చోటల్లా నల్లగా పడుతుంది.
జీడిపిక్కల బట్టీలో దాలయ్య వేళ్ళు కూడా నల్లబడ్డాయి,
సబ్బుకి లొంగని నలుపు.
ఒప్పుకోలు కాగితం మీద సంతకంతోపాటు
బొటనవేలూ పడింది.
"మాపీసినాను తల్లీ" అన్నాడు,
తప్పు చేసినట్టు.

తర్వాత నీరు తీయాలి.
ముప్ఫై పాళ్ళ ఆల్కహాలు, యాభై, డెబ్బై, తొంభై,
ఆఖరికి నూరు.
ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కడుపులో గాలి కూడా ఉండదు,
తడి ఉన్నదేదీ అక్కడ నిలవదు.
వాళ్ళ ఊళ్ళో అందరి అనుమానమూ నీటి మీదే,
బావి మీద, బోరు మీద, చివరికి కుండ మీద.
నీరేం చేసిందో చూడాలని
నేను మొదట నీటినే వెళ్ళగొడతాను.
ముద్దాయిని బయటికి పంపేసి
విచారణ మొదలుపెట్టినట్టు.

జిగురు గట్టిపడ్డాక కోత.
పొరలు ఒకదాని వెనక ఒకటి
చాకు అంచున బొట్టంత మడుగులో తేలతాయి.
వెండి రంగొస్తే సరైన మందం.
బంగారు రంగొస్తే దళసరి, పారేయాలి.

వాటిని రాగి జల్లెడ మీదికి తోలే పనిముట్టు
ఏ దుకాణంలోనూ దొరకదు.
నా రెప్పవెంట్రుకొకటి
చీపురుపుల్ల కొనకి అతికించుకున్నాను.
పొందూరులో మా మామ్మ సూరీడమ్మ
వాలుగ చేప దవడతో పత్తి ఏకేది.
ఏకిన పత్తిని అరటిదొప్పలో దాచేది.
"తడి సెయ్యెట్టకే గుంటా, పోగు సచ్చిపోతాది."

ఇంకో సీసాలో బంగారం.
పచ్చగా ఉండదు. మరీ చిన్నదైపోతే బంగారం
దానిమ్మ రసంలా ఎర్రబడుతుంది.
రేణువుకి యాంటీబాడీ తగిలించి వదిలితే
వెతుకుతున్న ప్రోటీను పక్కకి పోయి కూర్చుంటుంది,
ఫోటోలో నల్లచుక్కై.
దాలయ్య భార్య ముక్కుపుడక సోంపేటలో తాకట్టులో ఉందట,
మార్చి నుంచి,
డయాలసిస్‌కి వెళ్ళే ఆటో ఖర్చుకి.
నేనడగలేదు. తనే చెప్పింది.
విశాఖ నుంచి ఫోటోలొచ్చాక చుక్కలు లెక్కపెట్టాను:
మూడు వందల పన్నెండు.
ఏ త్రాసూ పట్టించుకోని బంగారం.
ఏం పాడైందో చెప్పింది.
ఎందుకో చెప్పలేదు.

ఈ వానాకాలం కొత్త రేకు వచ్చింది, గ్రాఫీన్.
పెన్సిల్‌లో ఉండే బొగ్గే,
ఒక్క అణువు మందం.
రెండు రేకుల మధ్య నీటిని చిక్కించి
అంచులు అతుక్కుంటే
లోపలి నీరు నీరుగానే ఉంటుంది,
గాలిలేని చోట కూడా.
పందొమ్మిది పగిలాయి.
ఇరవయ్యోదాన్లో దాలయ్య బావి నీరు,
దగ్గుమందు సీసా కడిగి అతనే తెచ్చిచ్చింది.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని నేనే బస్సెక్కాను.

తెర మీద ముందు ఏమీ లేదు.
తర్వాత రేణువులు,
కదులుతూ,
ఒకదాన్నొకటి తప్పించుకుంటూ.
ఏది మట్టో ఏది మరొకటో
దేని మొహం మీదా రాసి లేదు.
పన్నెండు సెకన్లు.
బుడగ పగిలింది.

తిరుగు బస్సు ఎచ్చెర్ల దాటుతుంటే ఫోను.
"ఏటి అగుపడినాదమ్మా?"
"నీళ్ళు, దాలయ్యా."
కాసేపు బస్సు చప్పుడే.
"మా నీళ్ళేనా?" అన్నాడు,
పరాయి చోట ఊరివాళ్ళు కలిశారంటే అడిగినట్టు.
"మీవే."
"అయితే ఇంకో సీసా కడిగి ఎడతాను."